జల్లెడ దగ్గర మనిషి

మొన్న గౌడవెల్లిలో మా ఇంటి వెనక ప్లాటులో బోరు వేశారు. ఎక్కడ బోరు బండి ఆగినా నా కాళ్లు అటే లాగుతాయి. వెళ్లి, గొట్టం చుట్టూ కుప్ప పడిన రాతిపొడిని కాస్త అరచేతిలోకి తీసుకుని నలిపి చూశాను. మేడ్చల్ వైపు నేల కిందంతా గ్రానైటే. పైన మట్టీ మొరమూ ఉన్నంత మేర కేసింగ్ దించి, ఆ కిందికి హ్యామర్‌తో కొట్టుకుంటూ పోతారు. నలిగిన రాయిని కంప్రెసర్ గాలే పైకి ఊదేస్తుంది.

నేను పని నేర్చుకున్న గోదావరి డెల్టాలో ఇది కుదరదు. అక్కడి మెత్తటి నేలలో ఒట్టి గాలితో తవ్వితే బావి గోడలు నిలవవు. అందుకే చమురు బావుల్లో బెంటొనైట్ అనే బంకమట్టి కలిపిన చిక్కటి బురదను వాడతారు. మేం మడ్ అంటాం. గొట్టాల్లోంచి దిగిన మడ్ అడుగున రాయిని కొరికే బిట్ దగ్గర బయటపడి, తెగిన ముక్కలను మోసుకుని గొట్టానికీ బావి గోడకీ మధ్య సందులోంచి పైకొస్తుంది. ముక్కలు తీసేసి అదే మడ్‌ను మళ్లీ కిందికి పంపాలి. నా ఉద్యోగమంతా ఆ తీసెయ్యడమే.

మా ఊళ్లో చేతిబోరు వేసేవాళ్లకు ఈ పనికి రెండు గుంటలు చాలేవి. పేడనీళ్లతో పాటు పైకొచ్చిన ఇసుక మొదటి గుంటలో దిగిపోతే, పైతేట కాలవలోంచి రెండోదానిలోకి పారేది. నిమిషానికి రెండు వేల లీటర్లు తిరిగే రిగ్గు మీద అంత తీరిక ఎక్కడిది? అక్కడ మొదటి కాపలా షేల్ షేకర్, అంటే ఆగకుండా వణికే జల్లెడ. దాన్ని దాటిన ఇసుకను డీశాండర్, ఒండ్రును డీసిల్టర్ పట్టాలి. రెండూ కింది మొన సన్నగా ఉండే గరాటుల వరసలే. లోపల మడ్ సుడి తిరుగుతుంటే బరువైన రేణువులు గోడకు కొట్టుకుని కిందికి జారతాయి. కింది మొన దగ్గర అవి గొడుగులా విచ్చుకుని పడుతుంటే గరాటు బాగా పనిచేస్తున్నట్టు. తాడులా ముద్దగా దిగుతుంటే లోపల కిక్కిరిసినట్టు. నాకు మీటర్ల కంటే ఆ గొడుగు మీదే నమ్మకం.

అసలు చిక్కు బెరైటీస్‌తో వస్తుంది. లోతుకు పోయేకొద్దీ గ్యాస్ ఒత్తిడిని అణచడానికి మడ్ బరువు పెంచాలి. ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమవాళ్లకు చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో లేచిన మంట 65 రోజులు మండింది. ఆ బరువు కోసం కలిపేదే కడప సీమ మంగంపేటలో దొరికే బెరైటీస్. నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువు. దాన్ని 75 మైక్రాన్ల కంటే సన్నగా విసిరి కలుపుతారు. డీసిల్టర్‌కు ఏది బెరైటీస్ రేణువో, ఏది కింద తెగిన రాఘవాపురం షేల్ రాతి రేణువో తెలియదు. ఒండ్రనుకుని రెండింటినీ పారబోస్తుంది. అందుకే ఆ పారబోసినదాని కింద సన్న జల్లెడ పెట్టి, దిగిన బెరైటీస్‌ను మడ్‌లోకి చేర్చి, మీద మిగిలిన రాతిపలుకును అవతల పోస్తారు. మడ్‌ను వేగంగా తిప్పి గట్టిదాన్ని విడదీసే సెంట్రిఫ్యూజ్‌ది ఇంకా వింత. తేలిక మడ్‌లో అది పట్టిన గట్టిదాన్ని పారేస్తాం. బరువు మడ్‌లో ఆ గట్టిదాన్నే దాచుకుని, సన్న రేణువులతో పోయే నీటిని వదిలేస్తాం. యంత్రం అదే, దాచుకునేదీ పారేసేదీ తారుమారు.

ఒక రాత్రి షిఫ్టులో షేకర్ జల్లెడ అరచేతి మేర చిరిగింది. తవ్వకం ఆపడం ఇష్టంలేక తెల్లారాక మారుద్దామన్నారు. నేనూ ఒప్పుకున్నాను. ఆ తప్పు ఇప్పటికీ గుచ్చుతుంది. చిరుగులోంచి జారిన పలుకు పంపులోకి, అక్కణ్ణుంచి బావిలోకి వెళ్లి, ప్రతి చుట్టులోనూ నలిగి సన్నమైంది. సెంటీమీటరు ఘనాన్ని పది మైక్రాన్ల ఘనాలుగా చేస్తే ఉపరితలం వెయ్యి రెట్లవుతుంది. ఆ ఉపరితలమంతా నీటిని పట్టుకుంటుంది, మడ్ జావలా చిక్కబడుతుంది. మొదటి చుట్టులో జల్లెడ మీద పట్టగలిగిన పలుకు, పదో చుట్టుకు సెంట్రిఫ్యూజ్‌కు కూడా దొరకదు. వారం తిరక్కుండా పంపు లైనర్లు అరిగిపోయాయి. ఎంత నీళ్లు కలిపినా, ఎంత మందు వేసినా ఆ మడ్ కుదురుకోలేదు.

అయినా రిగ్గు మీద జల్లెడ దగ్గర నిలబెట్టేది ఎప్పుడూ కొత్తగా చేరిన కుర్రాణ్ణే. జీతమూ తక్కువే, మాటకు విలువా తక్కువే. ఈ పద్ధతి తప్పని నేను గట్టిగా నమ్ముతాను. బావి ఆరోగ్యం ముందుగా కనపడేది అతనికే.

వెనక ప్లాటులో నీరు పడగానే బూడిదరంగు చిక్కనీళ్లు ఎగజిమ్మి వీధి కాలవ వైపు సాగాయి. అవి చేరేది చెరువుకే. "సార్, ఈ నీళ్లు ఎటు పోవాలె మరి?" అన్నాడు ప్లాటాయన. పార తెప్పించి, వాలులో రెండు గుంటలు తీయించి, మధ్యన చిన్న కాలవ పెట్టించాను. పొడి రేగుతున్నప్పుడే నీళ్లు చిమ్మించాల్సింది. ఆ రాతిదుమ్ము బోరు కుర్రాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేను వెళ్లేసరికే ఆలస్యమైంది.

మర్నాడు వెళ్లి చూస్తే మొదటి గుంటలో పలుకు గట్టిపడి ఉంది. రెండో గుంటలో నీళ్లు ఇంకా పాలలాగే ఉన్నాయి. చిన్నప్పుడు వరద నీళ్ల బిందెలో మా అమ్మ చిల్లగింజ అరగదీసి కలిపేది, గంటల్లో తేటపడేది. ఇక్కడ చిల్లగింజ లేదు. ఆ సన్న పొడి దానంతటది దిగాలంటే ఇంకో రోజైనా పడుతుంది. అంతవరకూ గట్టుకు గండి కొట్టొద్దని ప్లాటాయనకు చెప్పి వచ్చాను.