నాలుగు గంటల చాయ్

సాయంత్రం నాలుగైతే మరిపెడ బంగ్లా సెంటర్‌లో చాయ్ బండ్ల దగ్గర నిలబడ చోటుండదు. వరంగల్ నుంచి ఖమ్మం పోయే బస్సు దిగినవాళ్లు, లారీ డ్రైవర్లు, పని చూసుకుని ఊళ్లకు మళ్లే రైతులు అందరూ అక్కడే ఉంటారు. అదే వేళకు ఊరవతల మిరప చేన్లలో కాయ ఏరే ఆడవాళ్లు గట్టు మీదికొస్తారు. ఆసామి ఇంటి నుంచి ఫ్లాస్కులో చాయ్ వస్తుంది. ఘాటుకు మండే వేళ్లతో గ్లాసును అంచు దగ్గర పట్టుకుని ఊదుకుంటూ తాగుతారు. పగటి సద్ది ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. రాత్రి బువ్వకు ఇంకా చాలా పొద్దుంటుంది.

ఇంగ్లండ్ వాళ్ల ఆఫ్టర్‌నూన్ టీ పుట్టింది కూడా ఈ నడిమి ఆకలికే. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మరియాకు సాయంత్రాలు నీరసం వచ్చేదట. పెద్దిళ్లలో రాత్రి భోజనం అప్పటికి ఎనిమిదింటి దాకా వెనక్కి జరిగింది, పగలు తినేదేమో కొంచెమే. ఆమె గదికి టీ, రొట్టె, వెన్న తెప్పించుకోవడం మొదలుపెట్టింది, తర్వాత స్నేహితురాళ్లను పిలిచింది. అలా అది ఆనవాయితీ అయిందని చెప్పుకుంటారు. 1864లో లండన్‌లో ఒక రొట్టెల కంపెనీ తన దుకాణంలోనే టీ గది తెరిచింది. ఆడవాళ్లు మగతోడు లేకుండా వెళ్లి నిమ్మళంగా కూర్చోగలిగిన చోట్లు అప్పట్లో చాలా తక్కువ. టీ గదుల గొప్పతనం పూల కప్పుల్లో కన్నా ఇందులోనే ఎక్కువుందని నేననుకుంటాను.

మన దగ్గర ఆ పద్ధతిని చూడాలంటే హైదరాబాద్ ఫలక్‌నుమా ప్యాలెస్‌కు పోవాలి. వికార్ ఉల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ఆ భవనం 2010 నుంచి తాజ్ వాళ్ల హోటల్. అక్కడ మధ్యాహ్నపు టీని హై టీ అంటారు. ఆ మాట పుట్టినచోట అర్థం వేరు. హై టీ అంటే ఫ్యాక్టరీ దిగి వచ్చిన కూలీలు సాయంత్రం భోజనాల బల్ల దగ్గర మాంసం, రొట్టెతో కడుపునిండా తినే తిండి. సోఫాల్లో కూర్చుని, పొట్టి బల్ల మీద కప్పులు పెట్టుకుని తాగేది ఆఫ్టర్‌నూన్ టీ.

ఇంగ్లిష్ టీని మనవాళ్లు ఒక్క గుక్క తాగి నీళ్ల చాయ్ అనేస్తారు. ఆ మాట న్యాయం కాదు. వాళ్లు ఆకును మరిగించరు, నానబెడతారు. ముందు టీపాట్‌లో వేడినీళ్లు పోసి, తిప్పి పారబోస్తారు. చల్లటి పింగాణీ మరుగునీళ్ల వేడిని గుంజేసుకుంటే ఆకులో సారం దిగదు. అప్పుడే పట్టిన నీళ్లు కాచి, తెర్లగానే మనిషికో చెంచా ఆకు మీద పోసి మూత పెడతారు. మూడు నుంచి అయిదు నిమిషాలు చాలు. అంతకు మించితే వగరు పైకొస్తుంది. పాలు కప్పులో ముందు పొయ్యాలా, తర్వాత పొయ్యాలా అన్నది వాళ్లకు తరాల తగువు. రచయిత జార్జ్ ఆర్వెల్ 1946లో టీ పెట్టడానికి పదకొండు నియమాలు రాసి, పాలు తర్వాతే అని తేల్చాడు.

మన చాయ్‌పత్తికి ఈ పద్ధతి పనికిరాదు. అది సీటీసీ. ఆకును రోలర్ల మధ్య నలిపి, చించి, గుళికలుగా చుట్టే సీటీసీ యంత్రం 1930లలో అస్సాంలో వచ్చింది. గుళిక నుంచి రంగు, చిక్కదనం చిటికెలో దిగుతాయి, పాలతో ఎంత మరిగినా నిలబడతాయి. నానబెట్టే పెద్ద ఆకుకు ఉండే పూల వాసన మరిగిస్తే ఆవిరైపోతుంది. రెండూ ఒకే చెట్టు ఆకులే అయినా, ఒకదానికి మంట కావాలి, ఇంకోదానికి మూత కావాలి. బ్రిటిష్ కాలంలో టీ వ్యాపారులు రైల్వే స్టేషన్లలో తమ పద్ధతిని నేర్పించబోతే, చాయ్ అమ్మేవాళ్లు పాలు, చక్కెర దండిగా వేసి తమ దారిన తాము పోయారు. చాయ్ మనకు తాగేదే కాదు, పూటకింత బలం కూడా. వాళ్లు చేసింది సరైన పనే.

ఇక ఆఫ్టర్‌నూన్ టీ పళ్లేల సంగతి. మూడు అంతస్తుల స్టాండులో మామూలుగా అడుగున శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్‌లనే చిన్న రొట్టెలు, పైన కేకులు. కింది నుంచి పైకి తింటారు, ఉప్పన తర్వాత తీపి. దోసకాయ శాండ్‌విచ్ చూడటానికి ఏమీ ఉండదు కానీ చేయడంలో ఓపిక ఉంది. కీరాను కాగితంలా కోసి, ఉప్పు చల్లి నీరు దిగనిచ్చి, ఒత్తి తుడుస్తారు. రొట్టెకు అంచుల దాకా వెన్న రాస్తారు. ఆ వెన్నే తడిని ఆపుతుంది, లేకపోతే రొట్టె మెత్తబడి చేతిలోనే విరిగిపోతుంది.

స్కోన్ దగ్గర నాకు మా ఇంటి గరిజెలు గుర్తొచ్చాయి. గరిజెల పిండిలో కాగిన నెయ్యి పోసి వేళ్లతో నలుపుతాం, పిడికిట పడితే ముద్ద నిలవాలి. స్కోన్‌కూ అదే నలుపుడు, కానీ వెన్న చల్లగా ఉండాలి. మైదా, బేకింగ్ పౌడర్‌లో వెన్న ముక్కలను వేళ్ల కొసలతో రవ్వలా చేసి, పాలు పోసి కలిపీ కలపనట్టు వదిలేస్తారు. చపాతీ పిండిలా పిసికితే గట్టిపడుతుంది. గుండ్రంగా కోసేటప్పుడు కట్టర్‌ను నిలువుగా దించి ఎత్తాలి. మెలి తిప్పితే అంచు మూసుకుపోయి ఒక పక్కకే పొంగుతుంది. దాని మీదికి క్లాటెడ్ క్రీమ్, అంటే వెడల్పు పళ్లేల్లో సన్నటి వేడి మీద గంటలకొద్దీ ఉంచి, కదపకుండా చల్లార్చిన మీగడ. కార్న్‌వాల్‌లో జామ్ ముందు, మీగడ తర్వాత. డెవాన్‌లో మీగడే ముందు.

పాతకాలపు టీ గది మనకు లేకపోలేదు. ఇరానీ హోటళ్లు అవే. పాలరాతి బల్లలు, వంపు చెక్క కుర్చీలు, ఒక్క చాయ్‌కి ఎంతసేపు కూర్చున్నా లేవమనని ఆ మర్యాద. అక్కడ డికాషన్‌ను మూత బిగించి దమ్ మీద ఉంచుతారు, పాలను వేరేగా చిక్కగా కాస్తారు, రెంటినీ కప్పులోనే కలుపుతారు. ఆకును, పాలను వేర్వేరుగా ఉంచడంలో అది లండన్‌కు దగ్గర, మంట మీద నిలపడంలో మనకు దగ్గర. కేకు చోట ఉప్పూ తీపీ కలిసిన ఉస్మానియా బిస్కెట్. ఆ హోటళ్లు ఒక్కొక్కటే మూతపడుతుంటే నాకు సొంత మనిషి పోయినట్టే ఉంటుంది.

మొన్న పండక్కి మరిపెడ పోయినప్పుడు పెద్ద ఆకు తీసుకుపోయాను. ఓవెన్‌కు బదులు గిన్నె అడుగున ఉప్పు పోసి, మూత పెట్టి, దానిలోనే స్కోన్‌లు కాల్చాను. పైన రంగు సరిగా రాలేదు కానీ లోపల పొరలు విడ్డాయి. మా మేనత్త కప్పులోకి చూసి, "ఇదేం చాయ్ బిడ్డా, అడుగు కనవడుతున్నది" అన్నది. పాలు పోయకుండా వాసన చూడమన్నాను. కళ్లు మూసుకుని చూసింది. మాట్లాడకుండా సగం తాగింది. స్కోన్‌ను చేత్తో విరిచి, పొద్దున కాచిన బర్రె పాల మీగడ గరిటెతో తీసి రాసుకుని, "గరిజెల పిండి లెక్కనే నలిపినవ్, మంచిగ కుదిరింది" అన్నది. తర్వాత లేచి పొయ్యి మీద పాలు పెట్టింది. చేన్ల నుంచి మనుషులు వచ్చే వేళయింది.