సొంత మాట, అరువు పాత్ర – నోయల్ షాన్ ప్రస్థానంపై కొన్ని ఆలోచనలు

తెలుగు సాహిత్య విమర్శ ర్యాప్ పాటను దాదాపు పట్టించుకోలేదు. పట్టించుకున్న కొద్దిమందీ రెండు శిబిరాలుగా చీలిపోయారు. ఇది పాశ్చాత్య వాణిజ్య సంస్కృతి మనమీద రుద్దిన అరుపు తప్ప కవిత్వం కాదని ఒక శిబిరం కొట్టిపారేస్తుంది. నేటి యువతరం గొంతు ఇదేనని రెండో శిబిరం భుజం తడుతుంది. కొట్టిపారేసినవారు పాట వినలేదు. భుజం తట్టినవారు ఆ గొంతులోని మాట ఎవరిదో విచారించలేదు. విమర్శ మొదలు కావలసింది ఈ విచారణతోనే. మాట ఎవరిది? దాన్ని పలికే నోరు ఎవరిది? ఈ రెంటికీ నడుమ లాభం ఎవరిది?

ఇందుకు ఒక కళాకారుని ప్రస్థానాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. హైదరాబాదుకు చెందిన నోయల్ షాన్ తెలుగులో ర్యాప్‌ను వృత్తిగా చేపట్టిన తొలితరం వారిలో ఒకరు. రేడియోలో మాట్లాడారు, పాటలు కట్టారు, వేదికల మీద పాడారు. 2000 దశకం మధ్యలోనే సినిమాల్లోకి వచ్చి నటుడిగానూ స్థిరపడ్డారు. ఈ రెండు వృత్తులూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయి, ఏది దేన్ని మింగింది అన్నదే నా ప్రశ్న.

ముందుగా ఈ కళారూపం పుట్టుక గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. హిప్ హాప్ పుట్టింది న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో. 1973 ఆగస్టు 11న కూల్ హెర్క్ అనే జమైకా సంతతి యువకుడు ఒక అపార్ట్‌మెంటు వేడుకల గదిలో రికార్డులు తిప్పిన సందర్భాన్ని దాని ఆరంభంగా చెబుతారు. పాటలో దరువు మాత్రమే వినిపించే ముక్కను పట్టుకుని, దాన్నే మళ్ళీ మళ్ళీ వినిపించడం అతని పద్ధతి. ఆ దరువు మీద మాట్లాడటమే క్రమంగా ర్యాప్ అయింది. వాద్యం కొనలేని నల్లజాతి పేదలు, లాటిన్ పేదలు పాత రికార్డునే వాద్యం చేసుకున్నారు. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందం వెలువరించిన ‘ది మెసేజ్’ ఆ పేటల దారిద్ర్యాన్ని నేరుగా పాటలోకి తెచ్చింది. ఈ చరిత్రలో మనం గమనించవలసిన నియమం ఒకటుంది. పలికేవాడే రాసేవాడై ఉండాలి. మరొకరు రాసిన మాటలు తనవిగా పలికే ర్యాపర్‌ను ఆ లోకంలో చిన్నచూపు చూస్తారు.

పాడేవాడే నటించడం మాత్రం మనకు కొత్త కాదు. మా ఉయ్యూరుకు కొద్ది దూరంలోనే కూచిపూడి ఉంది. అక్కడి భాగవతుల సత్యభామ ఆడుతుంది, పాడుతుంది, మాధవితో వాదిస్తుంది. వాచికం, ఆంగికం ఒక్క దేహంలోనే ఉంటాయి. పద్యనాటకంలో హరిశ్చంద్రుడి పద్యం హరిశ్చంద్రుడే పాడాలి. తొలి టాకీలదీ ఇదే పద్ధతి. ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947) చిత్రాలలో నాగయ్యగారి ముఖం, గాత్రం ఒకటే. తరువాత నేపథ్యగానం వచ్చి ముఖాన్నీ గొంతునూ వేరు చేసింది. అది సినిమా పరిశ్రమలో జరిగిన శ్రమ విభజన. ముఖం ఒకరిది, గొంతు మరొకరిది, మాట ఇంకొకరిది. మంచి పాటలు రాలేదని నేననను, ఎన్నో వచ్చాయి. కాని మనిషి మూడు ముక్కలయ్యాడన్నది కాదనలేని నిజం.

ర్యాప్ గాయకుడు ఈ మూడు ముక్కలనూ మళ్ళీ అతికించగలవాడు. రాసేది తానే, పలికేది తానే, జనం ముందు నిలబడేది తానే. కనుక అతడు సినిమాలోకి వస్తే మన పాత సంప్రదాయమే కొత్త దరువుతో తిరిగి రావాలి. వచ్చిందా?

దీనికి జవాబు వెతికే ముందు రూపం గురించి కొంత చెప్పాలి. తెలుగులో ర్యాప్ కుదరదని, అది ఇంగ్లీషు ఊనిక మీద ఆధారపడిన విద్య అని వాదించే మిత్రులున్నారు. ఇంగ్లీషులో పదంలోని ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది, తెలుగులో అలా పడదు అన్నమాట నిజమే. మనది అజంత భాష, పదాలు అచ్చుతో ముగిసి మెత్తగా ఒకదానిలోకి మరొకటి జారిపోతాయి. కాని మన భాషకు మాత్రలున్నాయి, ద్విత్వాలున్నాయి. గురజాడ ముత్యాలసరం మూడు నాలుగు మాత్రల మిశ్రగతిలో నడిస్తే, ర్యాప్ దరువు ఎక్కువగా చతురశ్రగతిలో నడుస్తుంది. ‘గట్టి’, ‘మొక్క’, ‘దెబ్బ’ వంటి పదాల్లోని ద్విత్వం సరిగ్గా దరువు మీద పడితే ఇంగ్లీషు ఊనిక చేసే పని అది చేస్తుంది. ఛందస్సు పాఠంలో గురులఘువులు గుర్తించడానికి తడబడే పిల్లలే విరామంలో బల్ల మీద దరువు వేస్తూ, ఒక్క మాత్ర తప్పకుండా ర్యాప్ చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. వాళ్ళకు ఛందస్సు రాకపోవడం కాదు, మనం పెట్టిన పేర్లు రాకపోవడం.

చాలామంది తెలుగు ర్యాపర్లు ఈ బలాన్ని పూర్తిగా వాడుకోలేదు. ద్విత్వం ఉండవలసిన చోట హలంతమైన ఇంగ్లీషు పదాన్నో, హైదరాబాదీ ఉర్దూ పదాన్నో వేసి పని జరుపుకున్నారు. హైదరాబాదు వీధిలో ఆ పదాలు సహజమే కావచ్చు. అయినా పాట మొత్తం వాటిమీదే నిలబడితే తెలుగు క్రియాపదం పంక్తి చివర ఆసరా లేని గోడలా మిగిలిపోతుంది.

ఇక నోయల్ నటనకు వద్దాం. ఆయన పాత్రలలో విమర్శకు ఎక్కువ అవకాశమిచ్చేది ‘కుమారి 21ఎఫ్’ (2015)లోని శంకర్. సుకుమార్ కథ, మాటలు అందించగా పల్నాటి సూర్యప్రతాప్ దర్శకత్వం వహించిన చిత్రమిది. కథానాయకుడి ముగ్గురు స్నేహితులలో ఒకడు శంకర్. పనిలేని కాలనీ కుర్రాళ్ళు, ఏటీఎం దగ్గర దొంగతనానికి దిగుతారు, నాయిక శీలం మీద మిత్రుడికి అనుమానం నూరిపోస్తారు, చివరికి ఆమె మీద అఘాయిత్యానికి పాల్పడతారు. ఈ పాత్రను నోయల్ సమర్థంగా పోషించారు. వాక్యాన్ని తుంచి, కొసమాట మీద బరువు పెట్టి పలికే ర్యాపర్ అలవాటు ఆ పాత్రకు కలిసివచ్చింది. స్నేహం పేరుతో పెత్తనం చేసే ఆ యువకుడు నిజంగానే మన వీధుల్లో ఉన్నాడనిపిస్తాడు.

కాని ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ర్యాప్‌లో వీధి కుర్రాడు కర్త. ‘నేను’ అంటూ మొదలుపెట్టి తన సంగతి తానే చెబుతాడు. అదే కుర్రాడు సినిమాలో కర్మ అయ్యాడు. అతని గురించి ఇంకొకరు చెప్పారు. అతని నిరుద్యోగం కథకు కావలసిన నేరంగా మాత్రమే పనికివచ్చింది, దాని కారణాలు తెరమీదికి రాలేదు. పరిశ్రమకు ర్యాపర్‌లో నచ్చినవి అతని నడక, దుస్తులు, విసురు. నచ్చనిది, అంటే అవసరం లేనిది, అతని కలం. ఆ కలం ఇంటిదగ్గరే ఉండిపోయింది. ఇది ఒక నటుడి లోపం కాదు, పాత్రలు పంచిపెట్టే వ్యవస్థ లక్షణం.

సినిమా పాటలోనూ ఇదే జరుగుతోంది. పల్లవి, చరణం యథాతథంగా ఉంటాయి, నడుమ కొన్ని పంక్తుల ర్యాప్ వస్తుంది. కథలో దానికి పని ఉండదు. కూరలో కరివేపాకు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

బుల్లితెర ఇంకో అడుగు ముందుకు వేసింది. తెలుగు ‘బిగ్ బాస్’లో 2018లో రోల్ రైడా, 2019లో రాహుల్ సిప్లిగంజ్, 2020లో నోయల్ పాల్గొన్నారు. వరుసగా మూడేళ్ళు ముగ్గురు వీధిపాట గాయకులు! ఇది యాదృచ్ఛికం అనుకోను. సినిమాకు కనీసం పాత్రలోకి ఒదిగే నటుడు కావాలి. ఈ ప్రదర్శనకు అదీ అక్కరలేదు. మనిషి తిండి, నిద్ర, అలక, కన్నీరు చాలు. తన గురించి తాను చెప్పుకునే కళలో ఆరితేరినవాడు అక్కడ రాణిస్తాడు. కాని ఏ మాట ఉంచాలో, ఏది కత్తిరించాలో నిర్ణయించేది మరొకరు. ర్యాపర్ ‘నేను’ అన్నదాన్ని టెలివిజన్ అతని చేతుల్లోంచి తీసుకుని ప్రకటనల మధ్య అమ్ముకుంది.

ఇదే ముగ్గురిలో రాహుల్ సిప్లిగంజ్ కథ కొంత భిన్నమైనది. హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన ఈ గాయకుడిని అచ్చమైన ర్యాపర్ అనలేము. ‘మంగమ్మ’, ‘గల్లీ కా గణేశ్’ వంటి సొంత వీడియో పాటలతో తన పేట భాషనే పెట్టుబడిగా పెట్టుకున్న వీధిపాట గాయకుడు. 2023 మార్చి 12న ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి ‘నాటు నాటు’ పాడాడు. పది రోజులకు కృష్ణవంశీ ‘రంగమార్తాండ’ విడుదలైంది, అందులో ఆయన నటుడు. ఒక రంగస్థల నటుడి పతనాన్ని చెప్పే ఆ కథలో, ఆ కుటుంబంలోకి వచ్చే యువకుడి పాత్ర. ప్రపంచమంతా విన్న గొంతు అది. అయితే ఆ పాటలో మాట చంద్రబోస్‌ది, బాణీ కీరవాణిది, తెరమీద ఆడిన కాళ్ళు ఇద్దరు కథానాయకులవి. గాయకుడి సొంత వీధి అక్కడ లేదు. కీర్తి ఎంత పెరిగితే సొంత మాట అంత దూరం కావడం ఈ ప్రస్థానాలన్నిటిలో కనిపించే వైరుధ్యం.

ఇతర చోట్ల ఏం జరిగింది? అమెరికాలో ఐస్ క్యూబ్ 1991లో ‘బాయిజ్ ఎన్ ద హుడ్’ చిత్రంలో తాను పెరిగిన లాస్ ఏంజెలెస్ పేట మనిషిగానే నటించాడు. 1995 నాటికి ‘ఫ్రైడే’ చిత్రానికి సహరచయిత అయ్యాడు. అంటే నటనలోకి వెళ్ళేటప్పుడు కలాన్ని కూడా వెంట తీసుకువెళ్ళాడు. మన పొరుగున హిప్‌హాప్ తమిళా ఆది 2017లో ‘మీసయ మురుక్కు’ చిత్రాన్ని తానే రాసి, తీసి, నటించాడు. హిందీలో ముంబయి ర్యాపర్ల జీవితం ప్రేరణగా 2019లో ‘గల్లీ బాయ్’ వచ్చింది. కాని ర్యాపర్ పాత్ర అప్పటికే పేరున్న తార రణవీర్ సింగ్‌కు దక్కింది. ర్యాపర్ల కథకు కూడా ర్యాపర్ ముఖం చాలదని మార్కెట్టు తేల్చింది.

ఇక్కడ పాఠకులు ఒక అభ్యంతరం లేవనెత్తవచ్చు. సొంత మాట, సొంత మాట అంటున్నారు, ఆ మాటలో ఉన్నదేమిటి? ప్రేమ వైఫల్యం, స్నేహితులతో విందు, తన గొప్ప తాను చెప్పుకోవడం, ఆడపిల్లను సరుకుగా చూడటం, ఇంతే కదా? ఈ అభ్యంతరంలో చాలా నిజం ఉంది. బ్రాంక్స్ పేదరికంలో పుట్టినంత మాత్రాన ఒక రూపం ఎక్కడికి వెళ్ళినా పేదల పక్షాన నిలబడదు. రూపానికి వర్గం జన్మతః రాదు, దాన్ని వాడేవారి వల్ల వస్తుంది. సొంత మాట అన్నది మొదటి మెట్టు మాత్రమే. ఆ మాటలో సమాజం ఉండాలి.

అది ఎలా వస్తుంది? ఇందుకు మన చరిత్రలోనే ఒక దారి ఉంది. బుర్రకథను గమనించండి. నడుమ కథకుడు, చెరోపక్క వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడు ఊపిరి తీసుకునే క్షణాన్ని వంతల ‘తందాన తాన’ నింపుతుంది. ర్యాపర్ పక్కన నిలబడి కొసమాటలు అందుకునే తోటివాడు చేసేదీ అదే పని. షేక్ నాజర్ ఈ రూపాన్ని ప్రజానాట్యమండలి వేదికల మీద ఎంత ఎత్తుకు తీసుకువెళ్ళారో మనకు తెలుసు. 1986లో పద్మశ్రీ వచ్చింది ఆ కృషికే. సినిమా ఆయననూ పిలిచింది. 1954 నాటి ‘అగ్గిరాముడు’లో ఆయన దళం అల్లూరి సీతారామరాజు కథ చెప్పింది. ఆయనకు కథానాయకుడి స్నేహితుడి వేషం ఇవ్వలేదు. తంబురాతో, అందెలతో, వంతలతో, తన రూపంతోనే తెరకెక్కారు. దక్కింది కొద్ది నిమిషాలే అయినా అవి ఆయన నిమిషాలు.

నాజర్‌కు అది ఎలా సాధ్యమైంది? ప్రతిభ ఒక్కటే కారణం కాదు. నాజర్ వంటి కథకుల వెనుక రచయితలున్నారు. ఉయ్యూరు నుంచి బెజవాడ వెళ్ళే దారిలోని ఈడుపుగల్లులో పుట్టిన సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ వంటి బుర్రకథలు రాసి ఆ కథకుల చేతికి ఇచ్చారు. దరువు తెలిసిన గొంతుకు దేశం తెలిసిన కలం తోడైంది. అప్పుడు మాట ఒకరిది, గొంతు మరొకరిది అయినా అది సినిమా చేసిన విభజన వంటిది కాలేదు. రాసినవాడూ పలికినవాడూ ఒకే ఉద్యమంలో ఉన్నారు, ఒకే జనానికి జవాబుదారీగా ఉన్నారు.

కనుక నోయల్ ప్రస్థానం గురించి నా నిర్ధారణ ఇది. ఆయన తెలుగులో ఒక దారి తెరిచారు, అది చిన్న విషయం కాదు. నటుడిగా ఇచ్చిన పని నిజాయితీగా చేశారు. కాని ఆయన గొంతుకు తగిన పాత్రను సినిమా రాయలేదు. ఆయన పాటకు తగిన సహచరులుగా మనం, రచయితలం, నిలబడలేదు. సినిమా లాభం చూసుకుంది, అది దాని స్వభావం. మన ఉదాసీనతకు ఆ సాకు కూడా లేదు.

మన పత్రికల్లో వచన కవిత పక్కన ఒక ర్యాప్ పాఠాన్ని కూడా అచ్చువేయాలి. దాని మాత్రలు లెక్కగట్టి, వస్తువును తూచి, మంచిచెడ్డలు నిర్మొహమాటంగా చెప్పే సమీక్ష రావాలి. పాట కట్టగల రచయితలు ఆ యువకుల గదులకు వెళ్ళి, దరువు విని, కౌలురైతు సంగతీ కాంట్రాక్టు కార్మికుని సంగతీ ఆ గతిలో ఎలా ఇముడుతాయో వారితో కూర్చుని ప్రయత్నించాలి. దరువు వాళ్ళ దగ్గర ఉంది. వస్తువు మన దగ్గర ఉందని చెప్పుకుంటున్నాం కదా, తీసుకుని వెళదాం.