ముద్రలో తోరణం

రేషన్ కార్డు మీదా, ధ్రువపత్రం మీదా ఉండే ప్రభుత్వ ముద్రను మనలో ఎందరం నిదానంగా చూశాం? ఉమ్మడి రాష్ట్రపు ముద్రలో పూర్ణకుంభం ఉండేది. మంథని ఆడవాళ్ళకు కలశం కొత్తా? పండుగ పూట ప్రతి ఇంట్లోనూ నిలిపేదే! 2014లో తెలంగాణ ముద్ర వచ్చింది. గీసినవారు ఏలె లక్ష్మణ్. ఓరుగల్లు కోటలోని కాకతీయుల తోరణం, దాని నడుమ 1591 నాటి చార్మినార్, పైన అశోకుని సింహాలు. ఒకరు కట్టిన వాకిట్లోంచి మరొకరు కట్టింది కనబడటం, అదీ ఈ బొమ్మలోని అందం.

ఇవి రాజుల గుర్తులు, తీసెయ్యాలన్న ఆలోచన 2024లో వచ్చి, నిరసనలు రాగా వాయిదా పడింది. మరి అశోకుడు రాజు కాడా? 1950లో ఆ సింహాలను మనవి చేసుకోలేదూ? కట్టించింది రాజే అయినా, రాళ్ళు మోసింది మనబోటివాళ్ళే గదా!

నాకున్న లోటల్లా ఒక్కటే. పల్లె మనుషుల్ని అంత చక్కగా గీసే చిత్రకారుడి ముద్రలో మనిషి లేడు, మన గోదావరీ లేదు. గడపకు తోరణం కట్టాక, రమ్మని పిలిచే ఇల్లాలు కూడా ఉండాలి గదండీ!