చెన్నపట్టణపు తేనీటి విద్య

చెన్నపట్టణమును గూర్చి నాలుగు వాక్యములు వ్రాయబూనిన ప్రతివాడును మూడవ వాక్యముననైనను కాఫీని కీర్తింపక మానడు. కుంభకోణపు డిగ్రీ కాఫీ యనియు, ఇత్తడి దబరా లనియు, అప్పటికప్పుడు వేయించి మర పట్టిన గింజ లనియు మైలాపూరు మాడవీథులనుండి మాంబళము వఱకు ఇంటింటను వినవచ్చు ఆ స్తోత్రపాఠమును నేను కాదనను. ఆ కాఫీ మంచిదే. కాని తెల్లవాఱుజామున ఈ నగరమును నిద్రలేపి, కోయంబేడు మార్కెట్టులో కూరగాయల మూటలు దింపు కూలికిని, కాశిమేడు రేవున వలలు విప్పు బెస్తవానికిని, సెంట్రలు స్టేషను వాకిట తొలి రైలునకై కాచియున్న ఆటో నడుపువానికిని ఒంటిలో సత్తువ నిచ్చుచున్నది కాఫీ కాదు, తేనీరు. కాఫీకి ఇండ్లున్నవి, డిసెంబరు కచ్చేరీల నాటి సభా క్యాంటీను లున్నవి, దానిని పొగడు రచయిత లున్నారు. టీకి వీథి మొగయే గతి. అందుచేతనే దానికొక శాస్త్రము గలదనియు, ఆ శాస్త్రమును చేతివ్రేళ్ల కొనలయందు నిలుపుకొన్న విద్వాంసులు గలరనియు చెప్పువారు కరవైరి. ఈ వ్యాసమున పక్షపాతము కనబడినచో పాఠకులు మన్నింతురు గాక; పక్షపాతము లేనివాడు టీని గూర్చి వ్రాయరాదని నా మతము.

చెన్నపట్టణపు టీకొట్టునకు ప్రాణము బాయిలరు. రాగితోనో ఇత్తడితోనో చేసిన ఆ గుండ్రని పాత్రకు లోపల నిప్పుగొట్టమును, ప్రక్కను కొళాయియు, పైని పాలగిన్నె కుదురుకొనుటకు తగిన నోరును ఉండును. అడుగున బొగ్గులు కణకణలాడుచుండగా నీరు మరగును. ఆ ఆవిరి వేడిమిచేత పైనున్న పాలు మాడక, పొంగక, గంటల తరబడి ఒక్క తీరున నుండును. ప్రక్కనొక మగ్గు; అందులో దిగునట్లు పిడిగల కమ్మికి కుట్టిన గుడ్డసంచి; సంచిలో టీపొడి. సామగ్రి యింతే. వీణకు ఏడే తంత్రులున్నవని తేలికగా చూచువాడు లేడు గదా! సామగ్రి కొంచెమైనకొలది చేతి పని పెరుగుననుట అన్ని కళలయందును సత్యమే.

టీ కలుపు మంచి మాస్టరు మొట్టమొదట సంచిని మరగునీట ముంచి తీసి గుడ్డవాసన పోగొట్టును. పొడి వేసి, బాయిలరు కొళాయినుండి నీరు పట్టి, సంచి నడుమ పడునట్లు సన్నని ధారగా పోయును. సంచి నెత్తి కాఱనిచ్చి, దిగిన డికాషనును మఱల నొకసారి ఆ పొడిమీదుగనే నడిపించును. ఇక్కడనే గురువునకును శిష్యునకును భేదము తెలియును. తొందరపడువాడు సంచిని గరిటెతో నొక్కి పిండును; పిండిన సంచినుండి దిగునది రంగు కాదు, వగరు. ఎఱిగిన మాస్టరు సంచిని ఎన్నడును పిండడు. దాని బరువునకు అది కాఱవలసినదే. తరువాత గ్లాసును వేడినీట తొలిచి, పంచదార వేసి, పాలు పోసి, ఆ పాలమీద డికాషనును వదలును. స్ట్రాంగు అడిగినవానికి ఇంత, లైటు అడిగినవానికి ఇంత అని కొలపాత్ర యేదియు లేదు. పాలలో రంగు తిరుగు క్షణమును కన్ను పట్టుకొనవలెను, చేయి ఆగవలెను. అటుపిమ్మట గ్లాసు నొక చేతను, మగ్గు నొక చేతను పట్టి, ఎడమచేయి నడుమునకు దిగ, కుడిచేయి తలపైకి లేవ, గోధుమవన్నె ధార యొకటి గాలిలో నిలిచినట్లు కనబడును. మలయాళులు దీనినే మీటరు టీ యని వేడుకగా పిలుతురు.

చూచువారు ఈ ఎత్తిపోతను గారడి యనుకొందురు. గారడి కానేకాదు. పొగలుగ్రక్కు ద్రవము రెండు మూడు పోతలలోనే పెదవి తాళగల వేడికి దిగును. చెంచా తగులకుండగనే పంచదార కరగును. గాలి కలిసి పైని నురుగు కట్టును. ముక్కును తాకు సువాసన ముందుగ ఆ నురుగునుండియే వచ్చును. దక్షిణదేశమున ఆకు టీకంటె పొడి టీకి ఆదరము హెచ్చగుటకును హేతువున్నది. పెద్ద ఆకు మూడు నాలుగు నిమిషములు నీట నానినగాని తన గుణమును వదలదు. సన్నని పొడి క్షణములలో రంగును, బలమును ఇచ్చును. కొట్టు ముందు పదిమంది నిలిచియుండగా నాలుగు నిమిషములు ఎవడు ఓర్చును? అట్లని పొడిని పాలతో కలిపి గంటసేపు మరగించినచో టానినుల కరకుతనము నాలుకను పట్టును. పాలలోని కేసీనను మాంసకృత్తు ఆ టానినులను కొంతవఱకు కట్టివేయునని రసాయనజ్ఞులు చెప్పుదురు. కాని ఎంత పాలు పోసినను మితిమీఱి మరగిన డికాషను మరల మంచిది కాదు. చెన్నపట్టణపు పద్ధతి ఘనత యేమనగా, పాలు వేఱుగ, నీరు వేఱుగ, డికాషను అప్పటికప్పుడు. మూడును గ్లాసులోనే కలియును.

మాస్టరుల ప్రతాపమును చెప్పక ముందుకు సాగుట నా వశము కాదు. తిరువల్లిక్కేణిలో నేనెఱిగిన ఒక మాస్టరు ఎనిమిదిమంది ఒక్కసారి కేకవేసినను, స్ట్రాంగెవరికి, పంచదార లేనిదెవరికి, అల్లము వేసినదెవరికి, పాలు లేనిదెవరికి అని మాఱడగక, వారు నిలిచిన చోటులు మార్చుకొన్నను తప్పక ఎవరి గ్లాసు వారి చేతికే అందించును. ప్యారీస్ మూలనున్న మఱొకాయన కొత్త మూట విప్పగానే చిటికెడు పొడి అరచేత నలిపి, ముక్కుకడకు చేర్చి, ఇది నిలువయున్న సరకని తిప్పి పంపుటను నా కన్నులార చూచితిని. మలబారునుండి వచ్చిన పాత నాయర్లు బాయిలరు అడుగున ఒక నాణెమును వేసి, దాని గలగలచేతనే లోపల నీరెంతయున్నదో, ఎంత మరగినదో పోల్చుకొనెడివారట. చీనా దేశమున ఎనిమిదవ శతాబ్దిలో తేనీటిని గూర్చి మొదటి శాస్త్రగ్రంథమును రచించిన లూ యూ అను మహనీయుని గుఱించియు నిట్టి కథయే కలదు. నది నడుమనుండి తెమ్మన్న నీటిని సేవకుడు దారిలో సగము ఒలకబోసి ఒడ్డునీటితో నింపి తేగా, ఆయన గరిటెతో తోడి చూచి ఇది ఒడ్డునీరని చెప్పి, సగము పాఱబోసిన పిదప ఇప్పుడు వచ్చినది నడినీరని పట్టుకొనెనట. కథ నిజమో కాదో గాని, మా తిరువల్లిక్కేణి మాస్టరును చూచిన నేను దానిని నమ్ముదును.

నీటి మాట వచ్చినది గనుక ఒక్క సంగతి. 1983లో తెలుగుగంగ ఒప్పందము కుదిరి, 1996లో కండలేరునుండి పూండి జలాశయమునకు నీరు చేరినప్పటినుండి ఈ నగరపు గ్లాసులలో కృష్ణవేణి పాలు కొంత కలదు. నీలగిరి ఆకు, కృష్ణ నీరు, మలయాళపు హస్తవాసి: ఇంతటి సమ్మేళనము మఱెచ్చట నున్నది?

ఆకు చరిత్ర సంగ్రహముగ చెప్పెదను. నీలగిరులలో తేయాకు నాటుటకు తొలి ప్రయత్నములు 1830ల నాటివి. తరువాత చీనా యుద్ధఖైదీలను నడువట్టము చెంత ఉంచి వారిచేత తోటలు వేయించిరని అక్కడివారు చెప్పుకొందురు. 1930 ప్రాంతమున అస్సాములో మెకర్చరు అను దొర ఆకును నలిపి, చించి, చుట్టు సీటీసీ యంత్రమును కల్పించినతరువాత చవుకయు, బలమును గల పొడి వెల్లువగ వచ్చి, టీ బీదవాని వాకిటికి చేరినది. 1964 నాటి సిరిమావో-శాస్త్రి ఒడంబడిక ననుసరించి లంకనుండి మరలివచ్చిన తమిళ కుటుంబములకు బ్రతుకుతెరువుగా నీలగిరులలో తమిళనాడు ప్రభుత్వము తోటలు పెంచినది. టాన్‌టీ యని నేడు మనము కొను పొట్లమునకు మూలమదియే.

ఇక నాకు ప్రియమైన రకములు. ఉదయమున స్ట్రాంగు, పంచదార తక్కువ. దీనికి సాటి లేదు. వానపడిన సాయంకాలము దంచిన అల్లము వేసినది. అల్లమును ముందుగ నీట మరగించవలెనే గాని పచ్చిగ పాలలో వేసినచో పాలు విఱుగునని మాస్టరులకు ఎవరును చెప్పనక్కఱలేదు. బిరియాని తిన్నపిమ్మట సులైమాని: పాలు లేక, నిమ్మరసము పిండి, ఏలకి తగిలించిన ఆ కెంపువన్నె నీరు మలబారు మాప్పిళ్లల వరము. 1951లో మౌంటురోడ్డున వెలసిన బుహారీ హోటలు టీని తలచుకొనినంతనే పాత మద్రాసువారి ముఖములు నేటికిని విప్పారును. ఆదివారమున, తొందర లేనప్పుడు, నీలగిరి ఆకు టీ. పాలు ముట్టక, పింగాణి పాత్రలో నాలుగు నిమిషములు నాననిచ్చి త్రాగవలెను. డిసెంబరు, జనవరి మాసములలో మంచు గడ్డకట్టు రాత్రుల పిమ్మట కోసిన ఆకునుండి వచ్చు చలికాలపు టీకి పూలవాసన వంటి సువాసన యుండును. చల్లాఱినను మసక కట్టక అద్దమువలె నిర్మలముగ నుండుట నీలగిరి టీ సొత్తు. డార్జిలింగు కీర్తి నేనెఱుగుదును. భారతదేశమున భౌగోళిక గుర్తింపు ముందుగ పొందినదియు అదియే. కాని దక్షిణాదివాడు తన పెరటికొండమీది పరిమళమును వదలి హిమాలయముల నాశ్రయించుట నాకు సమ్మతము కాదు.

మన హైదరాబాదు ఇరానీ చాయ మాట యేమని తెలుగు పాఠకులు అడుగక మానరు. చార్మినారు నీడలోని నిమ్రా కేఫులో ఉస్మానియా బిస్కత్తు ముంచుకొని త్రాగిన సుఖమును తృణీకరించుటకు నాకు నోరు రాదు. మూత బిగించి దమ్ము పెట్టిన డికాషనును, వేఱుగ మరగి చిక్కనైన పాలను కలిపి ఇచ్చు ఆ పద్ధతి గంభీరమైనది. ఒక గ్లాసును వన్ బై టూ చేసుకొని గంటసేపు రాజకీయములు మాటలాడుకొనుటకు తగినది. అయినను అక్కడ డికాషను పొయ్యిమీద కాచుకొని కూర్చుండును. ఇక్కడ మాస్టరు మీకై అప్పటికప్పుడు దించును. హైదరాబాదున రుచి పాత్రకు చెందినది, చెన్నపట్టణమున చేతికి చెందినది. హైదరాబాదు మిత్రులు కోపగించినను నా తీర్పు మాఱదు.

ఇట్టి విద్యకు నేడు పట్టిన గతిని తలచిన కడుపు మండుచున్నది. మొదటి శత్రువు రంగు పొడి. వాడి పాఱవేసిన పొడిని ఎండబెట్టి, రంగులద్ది, మంచి సరకులో కలిపి అమ్ము దుర్మార్గులున్నారు. టీలో కృత్రిమ వర్ణములు కలుపుట నేరమని చట్టము ఘోషించుచునే యున్నది; అధికారులు అప్పుడప్పుడు మూటలు పట్టుచునే యున్నారు; సరకు మాత్రము అంగళ్లకు వచ్చుచునే యున్నది. పాఠకుడా, నీ ఇంటనే పరీక్షింపుము: తెల్లని కాగితమును తడిపి చిటికెడు పొడి చల్లుము, వెంటనే ఎఱ్ఱగనో పచ్చగనో మరకలు ప్రాకినచో అది టీ కాదు, అద్దకపు నీళ్లు. ఇట్టి పొడితో చేసిన డికాషను నిమిషములో ముదురు రంగు దేలును. రుచి మాత్రము శూన్యము. రంగును చూచి బలమని భ్రమించు మన మూఢత్వమే ఆ వర్తకునికి పెట్టుబడి.

రెండవ శత్రువు బొత్తాము నొక్కిన టీ పోయు యంత్రము. కార్యాలయములలో, ఆసుపత్రులలో, అంగడి మేడలలో పాలపొడి, పంచదార, టీసారము ముందే కలిపిన పొట్లమును వేడినీటితో కరిగించి, దానికే టీ యని పేరు పెట్టి, కొట్టుకంటె మూడింతల వెల పుచ్చుకొనుచున్నారు. అందులో ఏలకివాసన యున్నది, ఏలకి లేదు. నురుగున్నది, ఎత్తిపోత లేదు. మూడవది, కొత్తగా వెలసిన వినోదపు టీలు: కాల్చిన మట్టి ముంతలో పొగలు లేపి పోయు తందూరీ యని, చాక్లెట్టు వేసినదని, గులాబిరేకులు చల్లినదని పటములు తీసుకొనుటకు పనికివచ్చు వేషములు. మసాలాలను నేను ద్వేషింపను; కాని చచ్చుపొడి దోషమును కప్పుటకు లవంగమును, దాల్చినచెక్కను వాడువాడు మాస్టరు కాడు, మోసగాడు. కాగితపు కప్పును గూర్చి ఒక్క మాట: కాగితపు వాసనతో పెదవి తడియగనే సువాసన సగము చచ్చును, చేతికి వెచ్చదనము తెలియదు. 2019 జనవరి 1నుండి తమిళనాట ప్లాస్టిక్ కప్పులు నిషిద్ధములైనప్పుడు గాజుగ్లాసు మరల రాజ్యమేలునని ఆశపడితిని. గ్లాసు కడుగుటకు బద్ధకించు లోకము నా ఆశను వమ్ము చేసినది.

ఈ పతనమునకు మూల్యము చెల్లించువాడు కొండమీది చిన్నరైతు. నీలగిరులలో వేలకొలది బడగ కుటుంబములు ఎకరమో అరెకరమో తోట పెట్టుకొని, పచ్చియాకును ఫ్యాక్టరీకి కిలోల లెక్కన అమ్ముకొని బ్రతుకుచున్నవి. కల్తీ పొడి చవుకగ దొరకుచుండ మంచి పొడికి ధర యెట్లు వచ్చును? ధర రానిచో రెండాకులు ఒక మొగ్గ అను మర్యాదను పాటించి లేతచిగురు కోయు ఓపిక యెవరికుండును? ముదురాకు ఫ్యాక్టరీకి పోవును, ముదురాకునుండి చచ్చుపొడి వచ్చును, చచ్చుపొడికి రంగు కలుపుదురు. ఈ చక్రమును త్రిప్పుచున్నది మన నాలుకయే.

కనుక ప్రభుత్వమును వేడుకొనుటకు ముందు పాఠకులనే వేడుకొనుచున్నాను. మీ వీథి మొగ బాయిలరు కొట్టు ఇంకను బ్రతికియున్నచో రేపటినుండి అక్కడనే త్రాగుడు. కాగితపు కప్పు వలదు, గాజుగ్లాసు కావలెనని అడుగుడు. పొడి ఏ కొట్టునుండి తెచ్చుచున్నారని మాస్టరును ప్రశ్నింపుడు. మంచిపొడికై గ్లాసునకు రెండు రూపాయలు హెచ్చు అడిగినను నొసలు ముడువక ఇండు. ఇంటిలో రంగు చూచి గాక, వాసన చూచి పొడి కొనుడు. సభలలో గాయకులకు శాలువలు కప్పు ధనికులారా, మీ పేటలో ముప్పది యేండ్లుగ సంచి పిండని మాస్టరొకడున్నచో ఆతనికిని ఒక శాలువ కప్పుడు. ఆతని కొడుకు బాయిలరు అమ్ముకొని యంత్రము కొనవలసిన అవసరము లేకుండ చూడుడు. కాఫీకి వందలమంది న్యాయవాదులున్నారు. టీకి మనమే వాదింపవలెను. వాదించుటకు మన చేతనున్న ఆయుధము, నాణ్యత లేని గ్లాసును తిరిగి బల్లమీద పెట్టి లేచిపోవు ధైర్యము.