దస్త్రం కట్టే పనితనం

అండమాన్ దీవుల్లో, మాయాబందర్‌లోని మహాత్మా గాంధీ ప్రభుత్వ కళాశాల 1990లో మొదలైంది. అక్కడ చదివిన పిల్లల పట్టా మీద ఉండే ముద్ర మాత్రం పాండిచ్చేరి విశ్వవిద్యాలయానిది. ఈ రేవు ఊరూ, పుదుచ్చేరీ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. నడుమ బంగాళాఖాతం. తిన్నగా కొలిస్తే దాదాపు 1400 కిలోమీటర్లు. పట్టా మీద సంతకం చేసేవాళ్లు ఆ పిల్ల మొహం ఎన్నడూ చూసి ఉండరు. ఆమె ఎవరో, ఎక్కడ చదివిందో, ఏ అర్హతతో వచ్చిందో వాళ్లకు చెప్పేది ఒక దస్త్రం. తరగతులు మొదలయ్యేలోపు ఆ దస్త్రం తయారు కావాలి. వానాకాలంలో ఆఫీసుల చుట్టూ తిరిగే తల్లిదండ్రులకు అదొక తంటా. నాకు మాత్రం అందులో మంచి చేతిపని కనిపిస్తుంది. ఆ పనిని కాస్త దగ్గరగా చూద్దాం.

ఈ దీవుల్లో తొలి కళాశాల పోర్ట్ బ్లెయిర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం. అది 1967లో వచ్చింది. తొలి రోజుల్లో పంజాబ్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అంటే అండమాన్‌లో డిగ్రీలో చేరిన కుర్రాడి వివరాలు ఓడెక్కి, రైలెక్కి చండీగఢ్ చేరాలి. 1985లో పార్లమెంటు చట్టంతో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఏర్పడింది. పుదుచ్చేరితో పాటు లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులను కూడా ఆ చట్టం దాని పరిధిలో చేర్చింది. దూరం కొంత తగ్గింది. మనిషి వెళ్లలేని చోటికి అతని తరఫున కాగితం వెళ్లి మాట్లాడాలన్న ఏర్పాటు మాత్రం అలాగే ఉంది.

దస్త్రంలో ముందుగా చేరేవి మూడు కాగితాలు: పన్నెండో తరగతి మార్కుల జాబితా, బడి ఇచ్చే టీసీ, బోర్డు ఇచ్చే మైగ్రేషన్ సర్టిఫికేట్. మూడూ ఒకే సంగతిని మళ్లీ మళ్లీ చెబుతున్నట్టు పైకి కనిపిస్తాయి. నిజానికి ఒకటి చెప్పింది మరొకటి చెప్పదు. మార్కుల జాబితా పిల్లవాడికి ఏమి వచ్చో చెబుతుంది. అతను ఇంకా ఏ బడి హాజరు పట్టీలోనైనా ఉన్నాడా అన్నది దానికి తెలియదు. ఆ సంగతి టీసీ తేలుస్తుంది: ఫలానా తేదీన బడి వదిలాడు, బాకీలు లేవు, నడవడి బాగుంది. టీసీ బడి మాట మాత్రమే. బడికి పైన ఉన్న బోర్డు, అంటే సీబీఎస్‌ఈ, ఆ పిల్లవాణ్ని తన లెక్కలోంచి వదిలిందని మైగ్రేషన్ చెబుతుంది. ఒకే మనిషి ఒకేసారి రెండు సంస్థల చిట్టాల్లో ఉండకూడదన్న జాగ్రత్త దాని వెనుక ఉంది. వల అల్లేవాడు ప్రతి ముడితో రెండు దారాలను కలిపినట్టు, ప్రతి కాగితమూ ఇవతలి సంస్థ బాధ్యతను అవతలి సంస్థ చేతికి అందిస్తుంది. ఒక్క ముడి జారినా ఆ ఏడాదే తెలియకపోవచ్చు. మూడేళ్లు గడిచి పట్టా అచ్చయ్యే వేళ బయటపడుతుంది.

అందుకే ఈ పనిలో అసలు నేర్పు పేరు సరిచూడటంలో ఉంది. దీవుల్లో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు నూటికి 13 మంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకూ కూలికీ వచ్చి స్థిరపడిన కుటుంబాలు అందులో చాలా ఉన్నాయి. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. దాన్ని హిందీ మాట్లాడే ఉద్యోగి ఒక తీరుగా రాస్తాడు, బెంగాలీ ఉద్యోగి మరో తీరుగా రాస్తాడు. మైలపల్లి లక్ష్మి అనే అమ్మాయి ఉందనుకుందాం. బడిలో ఆమె ఎం. లక్ష్మి. ఆధార్‌లో మైలపల్లి లక్ష్మి. బ్యాంకు పుస్తకంలో లక్ష్మి మైలపల్లి. ఇంగ్లీషులో లక్ష్మిని ఎక్స్‌తో రాశారా, కె ఎస్ హెచ్‌తో రాశారా అన్నది ఇంకో చిక్కు. తండ్రి పేరు ఒకచోట ఇంటిపేరుతో ఉంటుంది, ఇంకోచోట ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టి ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ఇవన్నీ ఒకే పిల్ల. కంప్యూటరుకు మాత్రం ముగ్గురు.

మంచి గుమాస్తా ప్రవేశాల బల్ల దగ్గరే తెలిసిపోతాడు. కాగితాలను ఒకదాని మీద ఒకటి పెట్టి చూడడు, పక్కపక్కన పరుస్తాడు. పేరును పదంగా చదివితే కన్ను మోసపోతుంది, తెలిసిన పేరును మనసే పూరించుకుంటుంది. అందుకని అక్షరం అక్షరం వేలు పెట్టి చదువుతాడు. పుట్టిన తేదీని అంకెల్లో చూసి ఊరుకోడు, అక్షరాల్లో రాసిన చోట కూడా సరిచూస్తాడు. తేడా కనబడితే దరఖాస్తును పక్కన పడేయకుండా, ఏ కాగితం మార్చుకోవడం సులువో చెబుతాడు. ఇందులో చాలా లోతైన తెలివి ఉంది. ఆధార్‌లో పేరు సరిదిద్దుకోవడం కొన్నాళ్ల పని. బోర్డు ఇచ్చిన మార్కుల జాబితాలో పేరు మార్చడం ఎంతో కష్టం. కాబట్టి మార్కుల జాబితాను ప్రమాణంగా పెట్టుకొని మిగతావాటిని దానికి అనుగుణంగా తెచ్చుకోమంటాడు. తప్పు మార్కుల జాబితాలోనే ఉంటే ఏం చేయాలి? 2021 జూన్ 3న జిగ్యా యాదవ్ కేసులో సుప్రీం కోర్టు ఈ విషయమే తేల్చింది. పేరు మనిషి గుర్తింపులో భాగం, అది భావప్రకటన స్వేచ్ఛ కిందికి వస్తుంది, తగిన ఆధారాలుంటే సవరణకు సీబీఎస్‌ఈ దారి చూపాలి అని చెప్పింది. ఆ తీర్పు మన పిల్లలకు ఎంత అవసరమో, ప్రవేశాల బల్ల దగ్గర నిలబడిన వాళ్లెవరికైనా తెలుస్తుంది.

ఇక్కడ తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. సీబీఎస్‌ఈ పిల్లల పేర్లను తొమ్మిదో తరగతిలోనే నమోదు చేసుకుంటుంది. ఆ రోజు బడి పంపిన జాబితాలో ఎలా ఉంటే పేరు పదిలోనూ, పన్నెండులోనూ, చివరికి డిగ్రీ పట్టాలోనూ అలాగే నడుస్తుంది. కళాశాల ప్రవేశానికి తొలి మెట్టు పద్నాలుగేళ్ల వయసులో, బడిలో ఒక జాబితా మీద సంతకం చేసేటప్పుడే పడుతుంది. ఆ జాబితాను ఇంటికి అడిగి తెప్పించుకుని చూసే కుటుంబం, నాలుగేళ్ల తర్వాత రావాల్సిన తిరుగుడంతా ముందే తప్పించుకుంటుంది.

నివాసం, కులం పత్రాల దగ్గర పని ఇంకా సున్నితం. అండమాన్ నికోబార్‌లో షెడ్యూల్డ్ కులాల జాబితా లేదు. షెడ్యూల్డ్ తెగలకు 1959 నాటి ఉత్తర్వు ఉంది. దీవుల ఓబీసీ జాబితాలో ఉన్నవారు 1942కు ముందే స్థిరపడినవారి సంతతి, మోప్లాలు, భాంతులు, కరెన్లు, ప్రభుత్వ పథకం కింద తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీ కుటుంబాలు. ఇందులో కరెన్లు మాయాబందర్ వాళ్లే. 1925లో బర్మా నుంచి వచ్చి వెబీ గ్రామం కట్టుకున్నారు. ఇక మన జాలరి, వాడబలిజ కుటుంబాలు ఆంధ్రలో బీసీ-ఏ కింద ఉన్నా ఆ గుర్తింపు సముద్రం దాటి రాదు. ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు లేక, పత్రం కోసం ఓడెక్కి స్వగ్రామం వెళ్లి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకున్నా, అది ఇక్కడ చెల్లదు. వరుసలో నిలబడకముందే ‘ఈ పత్రం నీకు ఇక్కడ పనికిరాదమ్మా, నివాసానికి లోకల్ సర్టిఫికేట్ తెచ్చుకో’ అని చెప్పగలిగినవాడు ఆ ఇంటికి నెల రోజుల కూలి మిగిల్చినట్టే. నియమం న్యాయమా కాదా అన్న చర్చ వేరే జరగాలి, జరగాలనే నా కోరిక. బల్ల ముందు నిలబడ్డ పిల్లకు మాత్రం వేళకు అందిన నిజమే మేలు చేస్తుంది.

ఒకప్పుడు ఒరిజినల్స్ అంటే గుండె దడ. కళాశాల వాటిని తన బీరువాలో పెట్టుకునేది. సీటు మార్చుకోవాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు చేయాలన్నా బతిమాలుకోవాల్సి వచ్చేది. 2018 అక్టోబరులో యూజీసీ ఈ పద్ధతిని ఆపింది. ఒరిజినల్స్ చూసి, సరిపోల్చి, అక్కడికక్కడే తిరిగి ఇవ్వాలి. విద్యార్థి స్వయంగా సంతకం చేసిన జిరాక్సులు దస్త్రంలో ఉంచుకుంటే చాలు. దీవుల్లో ఈ మార్పు విలువ మరీ ఎక్కువ. మాయాబందర్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) అండమాన్ ట్రంక్ రోడ్డు మీద దాదాపు 240 కిలోమీటర్లు. దారిలో జరవా రక్షిత ప్రాంతాన్ని నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గానే దాటాలి. ఒక్క కాగితం కోసం ఆ దారి రెండోసారి పట్టే అవసరం రాకూడదు. ఇప్పుడు డిజిలాకర్‌లో సీబీఎస్‌ఈ మార్కుల జాబితా, మైగ్రేషన్ కూడా దొరుకుతున్నాయి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా దీవుల ఇంటర్నెట్ ఉపగ్రహాల మీద ఆధారపడి నత్తనడక నడిచింది. దాదాపు 2300 కిలోమీటర్ల ఆ కేబుల్ మాయాబందర్‌కు దక్షిణాన ఉన్న రంగత్ దాకా వచ్చింది. ఆన్‌లైన్ దరఖాస్తు అన్న మాటకు ఉత్తర దీవుల్లో అర్థం వచ్చింది ఆ తర్వాతే.

తర్వాతిది ర్యాగింగ్ చేయనన్న హామీ పత్రం. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి సీనియర్ల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ ఏడు జూన్‌లో యూజీసీ నిబంధనలు వచ్చాయి. విద్యార్థి ఒకటి, తల్లి లేదా తండ్రి ఒకటి, విడివిడిగా హామీ ఇవ్వాలి. తల్లిదండ్రులను ఎందుకు కలిపారో ఆలోచిస్తే ఆ రచన మీద గౌరవం పెరుగుతుంది. కొడుకు చేసే తప్పుకు తానూ జవాబుదారీ అని తండ్రి మొదటి రోజే ఒప్పుకుంటున్నాడు. తన బిడ్డకు ఆపద వస్తే ఎవరిని అడగాలో కూడా అదే కాగితం చెబుతోంది. 1800-180-5522 అనే ఉచిత నంబరు రాత్రింబగళ్లు పనిచేస్తుంది. వేటకెళ్లే నాన్నకు ఇంగ్లీషు పత్రం మీద వేలిముద్ర వేయించుకుని పంపేస్తే ఆ హామీకి ప్రాణం ఉండదు. ఒక్కో వాక్యం తెలుగులోనో హిందీలోనో చదివి, అర్థమయ్యాక సంతకం పెట్టించుకుంటే మనిషికి మూడు నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది. పనితనాన్ని నేను ఆ నిమిషాల్లోనే కొలుస్తాను.

ఇటీవల చేరిన పని అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా. 2021 జూలైలో నిబంధనలు వచ్చాయి. పన్నెండంకెల సంఖ్య ఒకటి ఇస్తారు, విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు ఆ సంఖ్య మీద జమవుతాయి, ఏడేళ్ల వరకూ చెల్లుతాయి. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. మధ్యలో ఓడ పనికో, నాన్న జబ్బుకో చదువు ఆపాల్సి వచ్చిన పిల్లవాడికి అప్పటిదాకా చదివింది గంగలో కలిసిపోదు, తిరిగి వచ్చి అందుకోవచ్చు. దీవుల కుటుంబాల బతుకు తెలిసినవారికి ఇది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. ఖాతా తెరవడానికి ఆధార్ పేరు, కళాశాల పేరు కలవాలి. పైన చెప్పిన అక్షరం అక్షరం చదివే శ్రమకు ఫలితం దక్కేది ఇక్కడే. మేజర్, మైనర్ సబ్జెక్టుల ఎంపిక కూడా ఈ దశలోనే జరుగుతుంది. స్నేహితుడు ఏది తీసుకుంటే అదే తీసుకునే పిల్లల్ని ఒక్క నిమిషం ఆపి ‘నీకు ఏది ఇష్టం?’ అని అడిగే అధ్యాపకుడు ఆ గదిలో ఉంటే అదృష్టం.

కాగితాల పని ముగిశాక మనుషుల పని. 2019లో యూజీసీ ‘దీక్షారంభ్’ పేరుతో కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమానికి మార్గదర్శకాలు ఇచ్చింది. పాఠాల హడావిడి లేకుండా అధ్యాపకులతో, తోటివారితో, చుట్టుపక్కల ఊళ్లతో పరిచయం కలగాలన్నది దాని ఉద్దేశం. చుట్టుపక్కల పరిచయానికి మాయాబందర్ కంటే మంచి చోటు నాకు తోచదు. తాబేళ్లు గుడ్లు పెట్టే కర్మటాంగ్ తీరం, వెబీలో కరెన్ల ఇళ్లు, మడ అడవులు, ఆస్టిన్ జలసంధి మీద చెంగప్ప వంతెన అన్నీ అందుబాటులో ఉన్నాయి. డిగ్లీపూర్ నుంచి ఆ వంతెన దాటి వచ్చే బెంగాలీ అబ్బాయి, ఊళ్లోని తెలుగు అమ్మాయి, వెబీ నుంచి వచ్చే కరెన్ పిల్లవాడు, రాంచీ వాళ్లు అని పిలిచే ఛోటానాగ్‌పూర్ కుటుంబాల పిల్లలు ఒకే బెంచీ మీదికి వస్తారు. వీళ్లకు ముందు ఒకరి పేరు ఒకరు సరిగ్గా పలకడం నేర్పితే బాగుంటుంది.

ఆ తర్వాత కళాశాల ఆఫీసులో ప్రవేశాల జాబితా విభాగాల వారీగా సిద్ధమై పుదుచ్చేరికి వెళ్తుంది. అక్కడ సరిచూసి ఒక్కో పేరుకు ఒక రిజిస్టరు నంబరు కేటాయిస్తారు. మొదటి సెమిస్టర్ హాల్ టికెట్ మీద మైలపల్లి లక్ష్మి పేరు పక్కన ఆ నంబరు ఉంటుంది.