సగం వచనం దగ్గర ఆగిన పండితుడు: ఎలిజబెత్ కాలపు నాటకం, సానెట్‌ల పఠనంపై ఒక పరిశీలన

వేదాంత విద్యార్థికి ఎలిజబెత్ రాణి కాలపు నాటకాలతో, సానెట్‌లతో పనేమిటన్న ప్రశ్న కొత్తది కాదు. యర్రగొండపాలెం, త్రిపురాంతకం, పుల్లలచెరువు, దోర్నాల వైపు నుంచి తెలుగు మాధ్యమంలో చదివి వచ్చి డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్న యువకులు, దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్న యువ కాపరులు ఈ ప్రశ్ననే మరోలా అడుగుతారు: ఇది పరీక్ష కోసమా, పరిచర్య కోసమా? దీనికి సాధారణంగా దొరికే జవాబు, ఇంగ్లీషు మెరుగుపడుతుందని, కింగ్ జేమ్స్ బైబిలు భాష అర్థమవుతుందని. ఈ జవాబు చాలదు. పైగా చరిత్ర రీత్యా అది అంత సరైనదీ కాదు. కింగ్ జేమ్స్ అనువాదం అచ్చయిన 1611 నాటికి షేక్‌స్పియర్ నాటకాలు దాదాపు అన్నీ రాయడం ముగిసింది. ఆయన ఎరిగిన బైబిలు 1560 నాటి జెనీవా బైబిలు, 1568 నాటి బిషప్స్ బైబిలు.

ఈ సాహిత్యాన్ని వేదాంత విద్యార్థి చదవవలసిన కారణం వేరే ఉంది. ఇందులో లేఖనం అలంకారంగా రాదు. ఎవరు చదువుతున్నారు, ఎంతవరకు చదువుతున్నారు, ఎక్కడ ఆపేస్తున్నారు అన్నదే కొన్ని చోట్ల కథను నడుపుతుంది. మతాన్ని, రాజ్యపాలనను నాటకాల్లో చర్చించరాదని 1559లోనే రాజశాసనం వచ్చింది. సిద్ధాంతాన్ని నేరుగా వేదికపై పెట్టలేకపోయిన రచయితలు పాత్ర చేతిలో పుస్తకం పెట్టి చదివించారనుకోవచ్చు.

దీనికి మొదటి ఉదాహరణ క్రిస్టఫర్ మార్లో రచించిన 'డాక్టర్ ఫాస్టస్'. మార్లో కేంబ్రిడ్జిలో చదివినది సంఘసేవకు సిద్ధపడే విద్యార్థుల కోసం ఉద్దేశించిన ఉపకారవేతనంతో. ఆయన దైవసేవకు వెళ్ళలేదు, నాటకశాలకు వెళ్ళాడు. 1593లో 29 ఏళ్ళకే హత్యకు గురయ్యాడు. ఆయన కథానాయకుడు విట్టెన్‌బర్గ్‌లో వేదాంత పట్టా పొందిన డాక్టరు. అంటే లూథరు బోధించిన ఊరి పండితుడు. నాటకం మొదట్లోనే అతడు తన చదువులన్నిటినీ ఒక్కొక్కటిగా తూచి పక్కన పెడతాడు. తర్కం, వైద్యం, న్యాయశాస్త్రం అయ్యాక చివరగా జెరోము లాటిన్ బైబిలు తెరుస్తాడు. రోమా పత్రిక 6:23లో పాపానికి జీతం మరణమన్న మాట చదువుతాడు. అక్కడినుంచి మొదటి యోహాను 1:8కి వెళ్ళి, పాపం లేదంటే మనల్ని మనమే మోసగించుకుంటామన్న మాట చదువుతాడు. ఈ రెండూ కలిపి, పాపం చేయక తప్పదు, చావకా తప్పదు, ఇక ఈ వేదాంతమెందుకని పుస్తకం మూసి మంత్రవిద్య వైపు తిరుగుతాడు.

అతడు చదివినది అబద్ధం కాదు. కానీ చదివినది సగం. రోమా 6:23లో మన తెలుగు బైబిలు 'అయితే' అన్న మాటతో రెండో సగానికి తిరుగుతుంది. కృపావరం, నిత్యజీవం అక్కడున్నాయి. ఫాస్టస్ ఆ 'అయితే' ముందు ఆగాడు. మొదటి యోహానులో కూడా 8వ వచనం చదివి, ఒప్పుకుంటే క్షమాపణ అని చెప్పే 9వ వచనం చదవలేదు. అంత పెద్ద పండితుడి పతనానికి రెండు చోట్ల కన్ను పక్క మాటకు జరగకపోవడం చాలింది. నాటి ప్రేక్షకులలో ఈ వచనాలు ఎరిగినవారు చాలామంది ఉంటారు. పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలుస్తుంది. ఈ సన్నివేశానికి పట్టు అక్కడే ఉంది. గైడు పుస్తకాల్లో ఈ ఘట్టం 'ఫాస్టస్ అన్ని విద్యలను తిరస్కరించుట' అన్న ఒక్క వాక్యంలో ముగిసిపోవడం విచారకరం.

'జీతం' అన్న మాట మీద కూడా కాస్త ఆగాలి. మూలంలోని మాట సైనికుడి బత్తెం. మన పల్లెల్లో 'జీతానికుండడం' అంటే ఏడాది పొడుగునా ఒక ఆసామి ఇంట కట్టుబడి పని చేయడం. ఆ అనుభవం ఉన్న కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి, జీతానికీ వరానికీ ఉన్న తేడాను వ్యాఖ్యాన గ్రంథం విప్పి చెప్పనక్కరలేదు. ఫాస్టస్ చేసుకున్న ఒప్పందం కూడా అలాంటి పాలేరుతనమే. ఇరవై నాలుగేళ్ళ గడువుకు నెత్తుటితో రాసి ఇచ్చిన పత్రం అది.

ఈ నాటకం మనకు రెండు ముద్రణల్లో దొరుకుతుంది, 1604 నాటిది, 1616 నాటిది. రెండూ మార్లో చనిపోయాక వచ్చినవే. మంచి దూత ఫాస్టస్‌కు ఇంకా సమయం మించిపోలేదని చెప్పే చోట రెండు ప్రతులకూ ఒక్క మాటే తేడా. మొదటిదాని భావం 'మారుమనస్సు పొందగలిగితే' అని, రెండోదాని భావం 'పొందదలిస్తే' అని. తెలుగులో 'గలుగు', 'దలచు' అన్న రెండు క్రియల మధ్య తేడా ఇది. దీని వెనక వంద సంవత్సరాల సిద్ధాంత వివాదం ఉంది. మారుమనస్సు మనిషి నిర్ణయమా, లేక నిర్ణయించుకునే శక్తి కూడా పైనుంచి రావలసినదా? మన ఉజ్జీవ కూడికల్లో ఒకే ప్రసంగీకుడు ఒకే రాత్రి ఈ రెండు మాటలూ వాడుతుండడం వింటాం. 1616 ప్రతిలో మరొకటి ఉంది. ఫాస్టస్ లేఖనం చూసినప్పుడు పుటలు తిప్పి అతని కన్నును నడిపించినది తానేనని చివర్లో మెఫిస్టోఫిలిస్ చెప్పుకుంటాడు. నాకు 1604 ప్రతే బలమైనదిగా తోస్తుంది. సాతాను పుటలు తిప్పాడంటే చదివినవాడి బాధ్యత సగం తగ్గిపోతుంది.

పశ్చిమ ప్రకాశం విద్యార్థికి ఈ నాటకం పరాయిదన్న అభిప్రాయంతో నేను ఏకీభవించను. అసలు అడ్డంకి భాష. రూపం కాదు. తెరలు, దృశ్యాలు పెద్దగా లేని వేదిక, ఆడవేషాలు మగపిల్లలు కట్టడం, కథకన్నా వాచికానికే జనం రావడం, ఇవన్నీ పద్యనాటకం చూసినవారికి తెలిసినవే. సత్యభామ అంటే స్థానం నరసింహారావు అని చెప్పుకున్న జాతి మనది. ఫాస్టస్ చివరి గంటలో, పదకొండు కొట్టినప్పటినుంచి పన్నెండు కొట్టేవరకు, ఒంటరిగా చేసే సుదీర్ఘ భాషణాన్ని హరిశ్చంద్రలోని కాటిసీను పక్కన పెట్టి చదివించాలి. కాటిసీనులో మన నటులు పాడే 'శ్మశానవాటిక' పద్యాలు గుర్రం జాషువావి. ఆయన 1895లో వినుకొండలో పుట్టిన క్రైస్తవ కవి. పురాణ కథలు రాస్తావా అని ఒకవైపు సంఘం, కవిత్వం నీకెందుకని మరోవైపు అగ్రవర్ణాలు అడ్డుపడినా ఆగలేదు. హరిశ్చంద్రుడికి కాటిలో సత్యం తోడుంది. ఫాస్టస్‌కు ఆ గంటలో గుర్తొచ్చిన లాటిన్ పంక్తి ఓవిడ్ ప్రేమకవితలోది. వేదాంత డాక్టరుకు ఆ సమయంలో ఒక్క కీర్తన కూడా నోట రాకపోవడం గమనార్హం.

'వెనిసు వర్తకుడు' దగ్గరకు వచ్చేసరికి విషయం మరింత దగ్గరవుతుంది. మొదటి అంకం మూడో రంగంలో షైలాకు, వడ్డీని సమర్థించుకోవడానికి ఆదికాండము 30లోని యాకోబు, లాబానుల మందల కథ చెబుతాడు. అది యాకోబు నేర్పు కాదు, దేవుని చేయి అని ఆంటోనియో బదులిచ్చి, సాతాను కూడా లేఖనం చూపగలడని ఎత్తిపొడుస్తాడు. ఆంటోనియో వ్యాఖ్యానం సరైనదే. కానీ ఆ మనిషి అంతకుముందు షైలాకు మీద ఉమ్మినవాడు, మళ్ళీ ఉమ్ముతానంటున్నవాడు. సరైన వ్యాఖ్యానం సరైన మనిషిని చేయలేదు. నాలుగో అంకంలో కృపను గురించి పోర్షియా చేసే ప్రసంగాన్ని మనం కంఠస్థం చేయిస్తాం. ఆ తరువాత వచ్చే షరతును మాత్రం త్వరగా దాటేస్తాం: షైలాకు వెంటనే క్రైస్తవుడు కావాలి. ఆ షరతు పెట్టినది ఆంటోనియోయే. షైలాకు సమ్మతించి, ఒంట్లో బాగులేదని చెప్పి వెళ్ళిపోతాడు. ఐదో అంకంలో కనిపించడు. కృప ప్రసంగం చదివి ఈ బాప్తిస్మం చదవకపోతే మనమూ ఫాస్టస్ చదివినట్టే చదివాం.

ఈ బాప్తిస్మం మన ప్రాంతంలో వట్టి సాహిత్య విషయంగా ఉండిపోదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని ఒప్పందానికి తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని నెలల తరబడి బాప్తిస్మాలు ఆపాడు. సహాయం ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయినా ఆ నింద ఈనాటికీ మాసిపోలేదు. అప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, కంభం పల్లెల క్రైస్తవ కుటుంబాలకు ఆ చరిత్ర ఇంటి చరిత్ర. సరిగ్గా ఆ కాలంలోనే షేక్‌స్పియర్ తెలుగులోకి వచ్చాడు. వావిలాల వాసుదేవశాస్త్రి 'సీజరు చరిత్రము' 1876లో, కందుకూరి వీరేశలింగం 'వెనీసు వర్తక చరిత్రము' 1880లో వెలువడ్డాయి. ఒక దారి పట్టణపు పండితులది, మరొకటి మాదిగపల్లెలది. ఈ రెండూ అప్పట్లో కలుసుకోలేదు. న్యాయస్థానం విధించిన బాప్తిస్మాన్నీ, గుండ్లకమ్మలో కోరి తీసుకున్న బాప్తిస్మాన్నీ పక్కపక్కన ఉంచి ఆలోచించే వారసత్వం ఆ కుటుంబాల పిల్లలకుంది. లండన్ విమర్శకుడికి అది లేదు.

సానెట్ విషయంలో మన తరగతులు మరీ తొందరపడతాయి. పెట్రార్క్, వయట్, సర్రే, ఆపై షేక్‌స్పియర్ 154 సానెట్‌లు, 1609 ముద్రణ, ప్రేమ, కాలం, సౌందర్యం. అంతటితో సరి. ఇంగ్లీషులో మొదటి సానెట్ మాలిక ప్రేమకవిత్వం కాదన్న సంగతి ఎక్కడా చెప్పరు. 1560లో లండన్‌లో జాన్ డే ముద్రించిన ఒక చిన్న పుస్తకంలో అది ఉంది. ఆన్ లాక్ అనే స్త్రీ, జాన్ నాక్స్ స్నేహితురాలు, జెనీవాలో ప్రవాసం ఉండి వచ్చినది, యెషయా 38లోని హిజ్కియా పాటపై కాల్విన్ చేసిన ప్రసంగాలను అనువదించింది. దానికి చివర 51వ కీర్తనపై 26 సానెట్‌లు చేర్చి ఉన్నాయి. ఒక స్నేహితుడు ఇచ్చినవని ముందుమాట అన్నా, అవి ఆమెవేనని పండితులలో ఎక్కువమంది అంగీకరిస్తారు. మూడు చతుష్పాదులు, చివర ఒక ద్విపద ఉండే నిర్మాణం అది. తర్వాత షేక్‌స్పియర్ పేరుతో ప్రసిద్ధమైన నిర్మాణమే.

ఈ నిర్మాణం సీసపద్యం ఎరిగినవారికి కష్టం కాదు. సీసపు నాలుగు పాదాలు భావాన్ని పేర్చుకుంటూ పోగా, కింది తేటగీతో ఆటవెలదో దానిని మరోవైపుకు తిప్పుతుంది లేదా ముడివేస్తుంది. సానెట్ చివరి రెండు పంక్తులు చేసే పని ఇంచుమించు ఆ ఎత్తుగీతి పనే. శతకకారుడు మకుటం దగ్గరకు వచ్చి దేవుణ్ణి పిలిచినట్టు, లాక్ కూడా మళ్ళీ మళ్ళీ కృపనే అడుగుతుంది.

ఆమె మొదటి ఐదు సానెట్‌లు పీఠిక. అందులో నిరాశ పాపి ఎదుట నిలబడి, నీ మొర వ్యర్థం, నీవు తిరస్కరించబడినవాడివి అంటుంది. ఫాస్టస్ పుస్తకం మూసేసింది సరిగ్గా ఈ మాట దగ్గరే. లాక్ మూయలేదు. ఆ వెంటనే కీర్తన మొదలుపెట్టి 19 వచనాలకు 21 సానెట్‌లు రాసింది. ఒక్క వచనమూ వదలలేదు. కీర్తన పాఠాన్ని సానెట్ పక్కనే మార్జిన్‌లో అచ్చువేశారు. తనకు కావలసిన ముక్క ఏరుకొనే అవకాశం చదువరికి అక్కడ ఉండదు. కవిత్వపరంగా ఆమె సిడ్నీకి, షేక్‌స్పియర్‌కు సాటి రాదు. కొన్ని చోట్ల మాటలు బరువుగా, మొరటుగా పడతాయి. అయినా వేదాంత తరగతిలో పాఠం ఆమెతో మొదలుపెట్టి షేక్‌స్పియర్ దగ్గరకు వెళ్ళడమే మేలనుకుంటాను. ఫాస్టస్ మొదటి రంగాన్నీ, ఆ ఐదు పీఠిక సానెట్‌లనూ ఒకే వారంలో, తెలుగు బైబిలు పక్కన తెరిచి పెట్టి చదివించవచ్చు. 51వ కీర్తన మీద మన సంఘాల్లో పాటలున్నాయి. ఆ కీర్తనను ఇలా వచనం వెంట వచనంగా సీసంలో పెట్టే ప్రయత్నాన్ని తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చిన విద్యార్థికి పరిశోధనాంశంగా ఇవ్వవచ్చు.