యాసిడ్ తిన్న గీత: లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు

హైదరాబాద్ కొత్తగూడ చౌరస్తా చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లలో గృహప్రవేశం అయిందంటే సోఫా వెనక గోడకు ఓ బొమ్మ కావాలి. ఆన్‌లైన్‌లో వెతికితే ఆకుల చాటున నక్కపిల్లలు, గొడుగు పట్టిన పిట్టలు ‘ఫైన్ ఆర్ట్ ప్రింట్’ పేరుతో కోకొల్లలు. ముచ్చటగానే ఉంటాయి. అయితే ప్రింటు వెనక ఎంత చేతిపని పడుతుందో తెలియాలంటే కె. లక్ష్మాగౌడ్ బొమ్మలు చూడాలి. గచ్చిబౌలి దాటితే వచ్చే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కళలు నేర్పే సరోజినీ నాయుడు స్కూల్‌కు డీన్‌గా చేసిన మనిషి.

పుట్టింది 1940లో, మెదక్ జిల్లా నిజాంపూర్‌లో. హైదరాబాద్‌లో చదివాక 1963లో బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర కుడ్యచిత్రాలు, ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నాడు. 2016లో పద్మశ్రీ వచ్చింది. బయోడేటా ఇంతటితో చాలు.

ఆయన తొలినాళ్ల నలుపు తెలుపు ఎచింగ్‌లలో మేకలు, ముక్కుపుడకల ఆడవాళ్లు, బండరాళ్లు, ముళ్లపొదలు ఒకదాంట్లోంచి ఒకటి మొలుస్తాయి. మేక గడ్డం ఎక్కడ ఆగిందో, గడ్డి ఎక్కడ మొదలైందో పట్టుకోలేం. ఇంట్లో పెద్దవాళ్ల ముందు చూడ్డానికి ఇబ్బందిపడే బొమ్మలూ వాటిలో ఉన్నాయి, దాచేదేం లేదు. ఆ విచిత్రాన్నంతా మోసేది తలవెంట్రుకంత సన్నటి గీత. దాని దారుఢ్యం చేతిది మాత్రమే కాదు, యాసిడ్‌ది కూడా.

ఎచింగ్‌లో ముందు లోహపు రేకుకు మైనం కలిసిన నల్లటి పూత పూస్తారు. సూదితో గీస్తే పూత లేచిపోయి లోహం బయటపడుతుంది. రేకును యాసిడ్‌లో ముంచితే గీసినచోటే తింటుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతై నల్లగా పడుతుంది, తొందరగా తీస్తే బూడిదరంగులో తేలిపోతుంది. కొన్ని గీతలకు మధ్యలో పూత అడ్డుపెట్టి మిగతావాటిని మళ్లీ ముంచుతారు. నీడలు కావాలంటే రెజిన్ పొడి చల్లి, వేడిచేసి, దాని సందుల్లోంచి యాసిడ్‌ను పోనిస్తారు. అది ఆక్వాటింట్. పైగా బొమ్మ కాగితం మీద తిరగబడి పడుతుంది కాబట్టి కుడివైపు చూడాల్సిన మేకను ఎడమవైపు చూస్తున్నట్టు గీయాలి.

తర్వాత రేకంతా ఇంకు పులిమి, పైపైన గుడ్డతోనూ అరచేత్తోనూ తుడుస్తారు. గాట్లలో మిగిలిన ఇంకే బొమ్మ. తడి కాగితం పరిచి, పైన ఉన్ని దుప్పటి వేసి, రోలర్ల మధ్య నొక్కుతారు. రెండో ప్రతికి మళ్లీ ఇంకు, మళ్లీ తుడుపు. చెయ్యి ఒక్కపిసరు బరువుగా పడితే నీడ మారిపోతుంది. చిత్రకారుడు రెంబ్రాంట్ 17వ శతాబ్దంలో రాగిరేకుల మీద చేసిందీ ఇదే పని.

రేకు అరిగేకొద్దీ సన్నగీతలు పోతాయి. అందుకే ప్రతులకు లెక్క ఉంటుంది. అంచున పెన్సిల్‌తో 7/25 అని ఉంటే ఇరవై అయిదింటిలో ఏడోది అని. పెయింటింగ్ కొనలేనివాడికి కూడా కళాకారుడి సొంత చేతిపని అందేది ఇలాగే. ఆన్‌లైన్‌లో దొరికే ఇంక్‌జెట్ ప్రతికీ నంబరు వేయొచ్చు, కానీ అక్కడ అరిగే రేకు లేదు, హామీ అంతా అమ్మేవాడి మాటే. అది మోసం అనను. ధర మాత్రం ఎచింగ్ ధర కాకూడదు.

కొనేముందు ఫ్రేమ్ తీయించి చూడండి. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కిన పల్లం ఉందా? ఏటవాలు వెలుతురులో ఇంకు కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తోందా? భూతద్దంలో గీత గీతలాగే ఉందా, సన్నచుక్కలుగా విడిపోతోందా? ముందుగా కంటికి అలవాటు కావాలంటే మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. ప్రింట్ల ప్రదర్శన పెట్టినప్పుడు ఓ ఆదివారం పిల్లల్నీ వెంటబెట్టుకు వెళ్లండి.